మస్తాన్ అన్న మిగిల్చిన రెండు నిమిషాలు

మొన్న మా పక్కింటి హాసిని వచ్చి, "అత్తా, మీ వంటింట్లో ఒక రెండు నిమిషాల సినిమా తీసుకోవాలి, నువ్వు మాత్రం ఫోను వైపు చూడకుండా నీ పని నువ్వు చేసుకో" అంది. ఇక్కడే నరసరావుపేటలో ఏదో డిగ్రీ చదువుతోంది ఆ పిల్ల. సినిమా మొత్తం కాదట, మొదలు మాత్రమేనట. చూసినవాళ్ళకి తరవాత ఏమైందో తెలుసుకోవాలనిపించాలట. నేను పప్పు కడిగి కుక్కర్లో పెట్టాను. మూడో కూత వచ్చేలోపే తీయడమూ అయింది, గోడకానుకుని నిలబడి బొటనవేలితో అటూ ఇటూ తోసి ముక్కలు అతికించడమూ అయింది. "చూడత్తా" అని చూపించింది. బాగానే ఉంది. నా చేతులు, ఆవిరి, గిన్నెలు. అది చూస్తూ నిలబడితే నాలుగో కూత, ఐదో కూత వచ్చి పప్పు గంజిలా అయింది. దాన్నే దేవుడికి నైవేద్యం పెట్టాను. ఆయన మా ఇంట్లో ఇంతకన్నా ఘోరమైనవి ఆరగించాడు. హాసిని వెళ్ళాక కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. అచ్చం ఇదే పని, ఈ రెండు నిమిషాల పనే, నా చిన్నతనంలో మా ఇంట్లో తలపెడితే నెల పట్టింది. ఆ నెలలో ఒకరికి ఒంటినిండా అమ్మవారు పోసింది, ఒకరి చెప్పు నలుగురిలో తెగింది, నేను కొండ మెట్లెక్కుతానని మొక్కుకోవలసి వచ్చింది.

మాది నకరికల్లు దగ్గర పల్లెటూరు. తాతయ్య, నాయనమ్మ, అమ్మానాన్నలు, బాబాయి, పిన్ని, పిల్లలం, వీళ్ళు కాక వచ్చిపోతుండే చుట్టాలు. ఇంట్లో పదకొండు మందికి తగ్గిన పూట నాకు గుర్తులేదు. ఆ పదకొండు మందిలో బడి గడప తొక్కనిదాన్ని నేనొక్కదాన్నే. దానికి కారణం పేదరికం కాదు, ఆడపిల్లనని కాదు, ఒక గోడ. నాకు ఐదేళ్ళు నిండిన ఏడాదే మా ఊరి బడికి ప్రహరీ కట్టారు. ఆ గోడ మా దొడ్లోకి రెండడుగులు జరిగిందని తాతయ్య, జరగలేదని హెడ్మాస్టరు. తాళ్ళు పెట్టి కొలిచారు, పెద్దమనుషులు కూర్చున్నారు, కాఫీలు తాగారు, లేచారు. చివరికి తాతయ్య బజారు మధ్యలో నిలబడి మా ఇంటి పిల్లలెవరూ ఆ బళ్ళో అడుగు పెట్టరని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటికి మా ఇంట్లో బడికెళ్ళే ఈడున్న పిల్లని నేనొక్కదాన్నే. నా తరవాతి వాళ్ళకి ఈడొచ్చేసరికి హెడ్మాస్టరుకి బదిలీ అయింది, ఆయనతోపాటే ఒట్టు కూడా ఊరు దాటిపోయింది. నాకు అప్పటికే ఇంట్లోనే చదువు మొదలవడంతో నేను మాత్రం మిగిలిపోయాను.

తాతయ్య చేసిన పాపానికి తాతయ్యే పరిహారం చేసుకున్నాడు. రోజూ పొద్దున పశువుల కొట్టం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద చుట్ట వెలిగించి "కోటీ, రావే" అనేవాడు. ఆ చుట్ట వాసన, కల్లంలో ఎండే మిరపకాయల ఘాటు, వంటింట్లోంచి వచ్చే తిరగమోత, ఈ మూడూ కలిస్తేనే నాకు చదువు వాసన. పద్యాలన్నీ ఆయన గొంతులోంచే నా గొంతులోకి వచ్చాయి. మిరపకాయ బస్తాలతో లెక్కలు చెప్పేవాడు. దినపత్రిక మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా పైకి చదివించేవాడు. తప్పు పలికితే నోట్లోంచి చుట్ట తీసేవాడు. అంతే శిక్ష. దానికే నాకు ప్రాణం పోయేది. బడికెళ్ళి ఉంటే ఇంత శ్రద్ధగా ఎవరూ నేర్పేవారు కాదని ఇప్పటికీ అనుకుంటాను. దేవుడి దయ. అట్లాగని ఆ గోడకి మాత్రం దణ్ణం పెట్టను. ఇంట్లో ఉండేదానికి ఇంకో విద్య కూడా తనంతట తానే వచ్చింది. ఎవరి వస్తువు ఎక్కడుందో, ఎవరికి ఏ వేళకి ఏం కావాలో మొత్తం నాకు తెలుసు. ఒక్కసారి "కోటీ" అంటే చాలు, "వస్తన్నా" అనేదాన్ని. నిద్రలో కూడా అనేదాన్నని మా అమ్మ చెప్పేది.

బాబాయి కూతురు పద్మజ నాకన్నా ఏడాది చిన్నది. గుంటూరులో సినిమా పని, టీవీ పని నేర్పే రెండేళ్ళ కోర్సు ఒకటి ఉందని పేపర్లో చదివి, అన్నం మానేసి, మూడో పూటకి బాబాయిని ఒప్పించింది. బాబాయి అంతకుముందు ఒక దఫా సర్పంచిగా చేశాడు. పదవి దిగినా గంజి పెట్టిన చొక్కా మాత్రం దిగలేదు. ఆయన ఒప్పుకున్న తీరు కూడా పంచాయితీ తీర్పులాగే ఉంది. "ముందు ఏడాది చదువు. చివర్న నేనే గుంటూరొచ్చి మీ సారు ఏమంటాడో నా చెవుల్తో వింటా. బాగుందన్నాడా, సరే. పెదవి విరిచాడా, ఆరోజే పెట్టె సర్దుకొని నాతో రావాల. టీచరు ట్రైనింగులో చేరుస్తా." చెప్పి ఊరుకోలేదు, ఆ ట్రైనింగు అప్లికేషను కూడా తెప్పించి, ఫొటో అంటించి, దేవుడి గూటి పక్కన పెట్టాడు. నేను రోజూ దీపం పెట్టినప్పుడల్లా అందులోంచి పద్మజ నావైపు గుడ్లురిమి చూసేది.

ఏడాది చివర వాళ్ళ సారు ఇచ్చిన పని ఇది. ఒక సినిమాకి మొదటి రెండు నిమిషాలు తీసి తేవాలి. ఇది ఎవరి కథో చెప్పకుండానే తెలియాలి. తెలిశాక ఆ మనిషి ఏమవుతుందోనని మనసు పీకాలి. పద్మజ రాసుకొచ్చిన కథ పేరు 'ఒంటరి'. ఒక స్త్రీ, ఒక కిటికీ, ఒక దీపం. దీపం ఆరిపోతుంది. అంతే. వాళ్ళ క్లాసులో సగం మంది ఒంటరితనమే తీస్తున్నారట. "మరి మనింట్లో దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తావే?" అని నేనడిగితే, "కెమెరాలో ఇల్లంతా కనపడదు అక్కాయ్, మనం చూపించిందే కనపడుద్ది" అంది. ఆ మాట నాకు భలే నచ్చింది. భగవంతుడి లీల గురించి కూడా తాతయ్య ఇంచుమించు ఇలాగే చెప్పేవాడు.

కెమెరా, క్యాసెట్లు, స్టాండు అన్నీ నరసరావుపేటలో మస్తాన్ అన్న దగ్గర అద్దెకు తెచ్చింది. మా ఇంటి పెళ్ళిళ్ళన్నిటికీ వీడియో తీసింది ఆయనే. కెమెరాని స్టాండు మీద నిలబెట్టిందో లేదో నాయనమ్మ పళ్ళెం పట్టుకుని ప్రత్యక్షమైంది. మోటారైనా ట్రాక్టరైనా గ్రైండరైనా మా ఇంట్లో బొట్టు పెట్టించుకోకుండా పని మొదలెట్టదు. కొబ్బరికాయ కొట్టింది. స్టాండు మూడు కాళ్ళకీ పసుపు రాసింది. నుదురెక్కడా అని ఒక్క క్షణం వెతికి, ముందువైపు నిగనిగలాడుతున్న గాజుబిళ్ళ నడిమధ్యన కుంకం అద్దింది.

"నాయనమ్మా! అది కన్నే!" అని పద్మజ కెవ్వుమంది.

"అయితే ఏందే? మన కొండ మీది శివయ్యకి, కోటయ్యకి, లేదా నుదుటి మీద కన్ను?" అంది నాయనమ్మ తొణక్కుండా.

పద్మజ చీరకొంగుతో తుడిస్తే ఉన్న బొట్టు కాస్తా గాజు అంతా పరుచుకుంది. మొదటి గంట తీసిన దాంట్లో మా ఇల్లు పట్టపగలే సంజెవేళలా ఎర్రగా ఉంది. ఒంటరి స్త్రీ వేషం పద్మజే వేసింది, తెల్లచీర కావాలంది. "పెళ్ళి కాని పిల్లవి తెల్లచీరేందే? బుద్ధుందా నీకేమన్నా?" అని నాయనమ్మ విరుచుకుపడింది. చివరికి మిరపపండు రంగు పట్టుచీరలో ఒంటరితనం మొదలైంది. దీపం దగ్గర మాత్రం అడ్డుపడింది నేనే. వెలిగించిన దీపాన్ని ఊదడం నా వల్ల కాదన్నాను. "నువ్వు చూస్తా కూర్చోవే, దానంతటదే కొండెక్కుద్ది" అన్నాను. మాది నూనె దగ్గర చెయ్యి వెనక్కి తియ్యని ఇల్లు. ఆ దీపం మధ్యాహ్నం భోజనాల దాకా వెలిగింది. పద్మజ దాని ముందు కూర్చుని కునికిపాట్లు పడింది.

కెమెరా పట్టుకుంది నేను. నూనె జాడీలు, పచ్చడి జాడీలు మోసి మోసి నా చెయ్యి వణకదని పద్మజ నమ్మకం. నిజంగానే వణకలేదు. వణికించింది మావాళ్ళు. పద్మజ కిటికీలోంచి శూన్యంలోకి చూస్తుంటే తలుపు తోసుకుని తాతయ్య వచ్చేవాడు. సూటిగా నా మొహంలోకి చూసి, "కోటీ, పేపరొచ్చిందా?" అనేవాడు. "అలమర మీద పెట్టా తాతయ్యా" అనేదాన్ని. మళ్ళీ మొదలు. ఈసారి వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ: "కోటీ, చింతపండు నానేశావా?" మళ్ళీ మొదలు. పిన్ని: "కోటీ, బీరువా తాళం?" కల్లంలో కాయలు ఏరే సుబ్బులమ్మ కిటికీ అవతలి నుంచే, సరిగ్గా పద్మజ చూస్తున్న శూన్యంలోకి తలపెట్టి, "కోటమ్మా, కాయలు పోసేదానికి ఇంకో పట్టా కావాలంట" అనేది.

"ఎవరూ కెమెరా వైపు చూడొద్దని చెప్పానా లేదా!" అని పద్మజ ఏడుపు గొంతుతో అరిచింది.

"కెమెరా వైపు ఎవురు చూశారే? కోటి వైపు చూశాం" అన్నాడు తాతయ్య.

ఇక బాబాయి. రెండోరోజు చొక్కా మార్చుకుని వచ్చి, "నాదొక్క ముక్క తీయండే. గేటు కాణ్ణుంచి నడిచొస్తా" అన్నాడు. "నాన్నా, ఈమె ఒంటరిది, ఈమె ఇంటికి ఎవరూ రారు" అని పద్మజ మొత్తుకుంది. "నేను పలకరించటానికి వచ్చాననుకో. ఒంటరోళ్ళని పలకరించకూడదని మీ సారు చెప్పాడా?" అని ఆయన గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండు చేతులూ జోడించి, ఎన్నికల్లో వచ్చినట్టే, నాలుగుసార్లు నడిచొచ్చాడు. ఐదోసారి చెప్పు తెగి కుంటుకుంటూ వచ్చి, అదే నవ్వుమొహం నా మీదికి పెట్టి, "కోటీ, నా పాత చెప్పులు యాడ పెట్టావే?" అన్నాడు.

ఇంత గోలలోనూ మూడో రోజుకి పద్మజ కోరుకున్న ఒంటరితనం కొంత దొరికింది. కల్లం మీంచి లేచిన ఎర్రటి దుమ్ము కిటికీ వెలుగులో తేలుతుంటే, ఆ వెలుగులో దాని మెడ, చెవి, ఒక్క జుట్టుపోగు. అది తీస్తున్నప్పుడు నేను ఊపిరి కూడా పీల్చలేదు. పూజలో హారతి చూస్తుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. "ఇది చాలు అక్కాయ్, ఇదే నన్ను పాస్ చేస్తుంది" అంది పద్మజ.

నాలుగో రోజు తెల్లారేసరికి దానికి ఒంటినిండా పొక్కులు. మా ఇంట్లో దాన్ని జబ్బు అనరు, అమ్మవారు వచ్చిందంటారు. గుమ్మానికి వేపమండలు, గదిలో చాప, చల్లటి మజ్జిగన్నం. గదిలోంచి ఏ వస్తువూ బయటికి రాకూడదు. పద్మజ ఏ ముక్క తరవాత ఏ ముక్క అతికించాలో నాలుగు పేజీలు రాసి తలుపు సందులోంచి నాకు అందించబోతే నాయనమ్మ మధ్యలోనే పట్టేసింది. "అమ్మవారు ముట్టిన కాయితం బజారుకి తీసుకుపోతారా ఏందే? నరసరావుపేట అంతా పంచుతారా?" ఆలోచిస్తే ఆవిడ అన్నదీ నిజమే. అందుకని పద్మజ లోపలి నుంచి కేకలేసి చెప్పింది, నేను గుమ్మం బయట కూర్చుని వల్లెవేశాను. నూరు పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని. కానీ దూరంగా తీసింది వైడు, దగ్గరగా తీసింది క్లోజు, మధ్యస్తంగా తీసింది మిడ్డు, ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోవడం, ఇవి ఏ ఛందస్సులోనూ లేవు. బస్సులో జపం చేసుకుంటూనే వెళ్ళాను. మధ్యలో ఒకావిడ కోడిపెట్టని నా ఒళ్ళో పెట్టి టిక్కెట్టు కొనడానికి లేచింది. అంతే, మొత్తం పోయింది.

మస్తాన్ అన్న షాపు బస్టాండు దగ్గర ఒక మేడ మీద ఉండేది. పెళ్ళిళ్ళ రోజులు. కంప్యూటరు మీద నాలుగు పెళ్ళిళ్ళు వరసలో ఉన్నాయి. ఆయన మనిషి లావు, మాట మెత్తన. ఎవరి పెళ్ళిలో ఎవరు ఎందుకు అలిగారో అన్నీ తెలిసినా పైకి చెప్పేవాడు కాదు. "ఏం చెయ్యమంటావమ్మా?" అని అడిగాడు. నేను బుర్ర గోక్కుని, "రెండు నిమిషాలు రావాలంటన్నా. మంచివి ఉంచి, చెడ్డవి తీసెయ్యి" అన్నాను.

"అది నాకు చెప్పాలా అమ్మా? పదిహేనేళ్ళ నుంచి చేస్తంది అదే గదా" అని నవ్వాడు.

అమ్మయ్య అనుకుని శివాలయానికి వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసి ఇంటికొచ్చాను. ఆ ప్రదక్షిణలు చేసేంత సేపు ఆ షాపులో కూర్చుని ఉంటే సరిపోయేది. భక్తికి కూడా వేళాపాళా ఉండాలని నాకు తెలిసింది అప్పుడే.

పద్మజకి అమ్మవారు దిగాక పోసే మూడో స్నానం కూడా అయి గుమ్మం దాటేసరికి సారుకి చూపించాల్సిన రోజుకి ఇక నాలుగు రోజులే ఉన్నాయి. ఇద్దరం షాపుకి వెళ్ళాం. మస్తాన్ అన్న మాకు కూల్‌డ్రింకులు తెప్పించి, కుర్చీలు వేసి, పెళ్ళివారికి చూపించినట్టే టీవీ పెట్టాడు. సన్నాయి మోగింది. ఆకాశం నుంచి గులాబీ రేకులు రాలాయి. వాటి మధ్యలోంచి బాబాయి రెండు చేతులూ జోడించి నడిచొచ్చాడు. తరవాత గుండె ఆకారంలో తాతయ్య. గుండె పగిలి రెండు ముక్కలైతే అందులోంచి నాయనమ్మ. సుబ్బులమ్మ చుట్టూ మెరుపు నక్షత్రాలు. కిటికీ లేదు, దీపం లేదు, ఒంటరి స్త్రీ అసలే లేదు.

"నేనేనన్నా ఇందులో హీరోయిన్ని. మరి నేనెక్కడ?" అంది పద్మజ.

"నువ్వు ఒక్క దాంట్లో కూడా కెమెరా చూడలేదమ్మా" అన్నాడు మస్తాన్ అన్న జాలిగా. "అటు తిరిగి కూర్చుంటివి. మెడ కనపడతంది, చెవి కనపడతంది. మొహం తిరగని ముక్క మేం ఉంచం గదా. రేపు పెళ్ళివారొచ్చి మా పిల్ల మొహమేదయ్యా అంటే నేనేం చెప్పేది? చానా వెతికా అమ్మా నీకోసం. అన్నీ వేస్టే."

"ఆ క్యాసెట్లు ఇవ్వన్నా. మళ్ళీ చేసుకుంటాం."

"క్యాసెట్లా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వాటి మీద సత్తెనపల్లి పెళ్ళి తీశా గదమ్మా. పని అయినాక అట్టాగే గదా మేం వాడేది."

తప్పు ఆయనది కాదు. మంచివి ఉంచమన్నాను, ఆయనకి తెలిసిన మంచివి ఆయన ఉంచాడు. చెడ్డవంటే ఏవో చెప్పనిది నేను. పద్మజ స్టూలు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "టీచరు ట్రైనింగులోనే చేరతా అక్కాయ్. ఫొటో అంటించే ఉంది గదా" అంది. పొక్కుల మచ్చలు మానని ఆ మొహం చూసి, కోటయ్యా, ఈ గండం గట్టెక్కించు, నీ కొండకి మెట్లదారిన నడిచొస్తా అని మొక్కుకున్నాను. మొక్కుకున్నాక ఇంకేం చెయ్యాలో తోచక, "అన్నా, ఆ సన్నాయి ఒక్కటి తీసెయ్యవా, తల పగిలిపోతంది" అన్నాను.

సన్నాయి తీశాడు. రేకులు కూడా తీశాడు, వాటికి మాత్రం చాలా బాధపడ్డాడు. అప్పుడు వినపడింది, అడుగున ఉన్న అసలు చప్పుడు. తాతయ్య తలుపు తోసి సూటిగా చూస్తూ, "కోటీ, పేపరొచ్చిందా?" అన్నాడు. జవాబు చెప్పే మనిషి తెర మీద లేదు, గొంతు మాత్రం పలికింది, "అలమర మీద పెట్టా తాతయ్యా." నాయనమ్మ సూటిగా చూసి, "కోటీ, చింతపండు." "నానేశా." "కోటీ, తాళం." "వస్తన్నా." "కోటీ." "వస్తన్నా." అది నా గొంతేనని నాకు తెలియలేదు. అంత సన్నగా, అంత తొందరగా పలుకుతానని నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు.

పద్మజ ఏడుపు ఆపింది. ముక్కు తుడుచుకుని టీవీకి దగ్గరగా జరిగింది. "మళ్ళీ పెట్టన్నా" అంది. చూసింది. "ఇంకోసారి" అంది. ఆ తరవాత నావైపు తిరిగి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. దొంగతనం పట్టుకున్నదానిలా ఉంది, దొంగ నేనో అదో తెలియలేదు.

"అక్కాయ్, పొద్దున లేవంగానే నిన్ను ముందు పిలిచేది ఎవరు?" అంది.

"తాతయ్య. ఆ తరవాత మీ అమ్మ. పాలవాడు వచ్చినాక నాయనమ్మ..." నేను చెప్పుకుంటూ పోయాను, మస్తాన్ అన్న ముక్కలు ఆ వరసలో పేర్చుకుంటూ పోయాడు. ఆ వరస నాకన్నా బాగా ఎవరికి తెలుసు? పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక ఇల్లంతా వచ్చి తెర ముందు నిలబడి, కళ్ళలోకి చూస్తూ ఏదో ఒకటి అడుగుతుంది. మొదట నింపాదిగా, తరవాత తొందరగా, చివరికి ఒకరి మాట మీద ఇంకొకరి మాట. మస్తాన్ అన్నకి మాత్రం మింగుడుపడలేదు. "హీరోయిన్ మొహం లేని సినిమా ఏందమ్మా? ఆఖర్న ఒక్కసారన్నా చూపిద్దాం. నేనిప్పుడు తీస్తా, ఇటు చూడు కోటమ్మా" అని కెమెరా ఎత్తాడు. "వద్దన్నా" అంది పద్మజ. తెర నల్లగా చేయించి, ఆ నలుపు మీద ఎవరిదో ఒక్క పిలుపు ఉంచింది: "కోటీ!" దానికి జవాబు లేదు. 'ఒంటరి' అనే పేరు కొట్టేసి 'వస్తన్నా' అని పెట్టింది. మస్తాన్ అన్న ఆ అక్షరాల చుట్టూ చిన్న పూలతీగ పెడతానన్నాడు. పాపం, అదొక్కటి ఒప్పుకున్నాం.

ఇప్పుడు ఫోనులో తీసిన ముక్క ఏదీ పోదు. హాసినికి నచ్చనిది పక్కన పడి ఉంటుంది, కావాలంటే మళ్ళీ వస్తుంది. మాకు మస్తాన్ అన్న ఉంచింది తప్ప ఈ లోకంలో ఇంకేమీ మిగల్లేదు. ఇప్పటి పిల్లలు ఎంచుకోగలరు, నాకది ముచ్చటగానే ఉంటుంది, అసూయ లేదు. కాకపోతే నాకు కావలసినవి ఎంచుకునే వీలు ఉండి ఉంటే నేను ఆ కిటికీ వెలుగునే ఎంచుకునేదాన్ని, నా గొంతుని మొదటే తీసేయించేదాన్ని. కాబట్టి కుంకానికి, అమ్మవారికి, బస్సులో కోడిపెట్టకి, సత్తెనపల్లి పెళ్ళికొడుకుకి, అందరికీ నా నమస్కారాలు. ఆ సంవత్సరమే కోటయ్య కొండ మెట్లు కూడా ఎక్కాను. సగం ఎక్కాక ఇంత ఎత్తున కూర్చోవడం దేనికయ్యా అని స్వామిని నాలుగు తిట్టి, దణ్ణం పెట్టి, మిగతా సగం ఎక్కాను.

గుంటూరుకి ముగ్గురం వెళ్ళాం. బాబాయి తీర్పు వినడానికి, పద్మజ తీర్పు చెప్పించుకోవడానికి, నన్నెందుకు రమ్మన్నదో పద్మజ చెప్పలేదు. ఎండాకాలం బస్సు, కిటికీ పక్కన బాబాయి, ఆయన చొక్కా నలక్కుండా ఆయనకీ నాకూ మధ్యన జానెడు ఖాళీ. క్లాసు గదిలోకి అడుగుపెట్టేటప్పుడు గుమ్మం దగ్గర నా కాలు దానంతటదే ఆగింది. పందొమ్మిదేళ్ళ దాన్ని, అదే మొదటిసారి. బల్లలు, నల్లబోర్డు, సుద్ద వాసన. వెనక బెంచీలో చివరన కూర్చున్నాను. తాతయ్య చూస్తే చుట్ట తీస్తాడేమోనని భయం కూడా వేసింది.

మాకన్నా ముందు ఆరుగురు ఒంటరివాళ్ళు తెర మీద కిటికీల్లోంచి చూశారు. ఏడోది మాది. బాబాయి కుంటుతూ వచ్చి చెప్పుల గురించి అడిగినప్పుడు క్లాసంతా గొల్లుమంది. ముందు బెంచీలో బాబాయి మెడ బిగుసుకోవడం నాకు వెనక నుంచి కనపడింది. అయిపోయింది అనుకున్నాను. పద్మజ కూడా అదే అనుకున్నట్టుంది, బోర్డు పక్కన నిలబడి దుపట్టా అంచు నలుపుతోంది. తెర నల్లబడింది. "కోటీ!" అని వినపడింది. జవాబు రాలేదు. అప్పటిదాకా నవ్విన క్లాసులో ఎవరూ నవ్వలేదు.

సారు బక్కపలచటి మనిషి. మళ్ళీ ఒకసారి వేయించుకుని చూశాడు. "బాగుంది" అన్నాడు. బాబాయి వైపు తిరిగి, అడక్కుండానే, "మీ అమ్మాయికి ఈ పని వస్తుందండీ" అన్నాడు. బాబాయి తన చెప్పుల మీద వచ్చిన నవ్వులన్నీ మర్చిపోయి చొక్కా సర్దుకున్నాడు. సారు మళ్ళీ పద్మజని అడిగాడు: "ఇల్లంతా ఏం కావాలో ఈమెని అడుగుతున్నారు. సరే. మరి కోటికి ఏం కావాలి? తరవాతి కథ అదే కదా?"

పద్మజ వెనక బెంచీ వైపు చూసింది. దాని వెంట సారు చూశాడు, క్లాసంతా చూసింది, బాబాయి కూడా కష్టపడి మెడ తిప్పి చూశాడు. అంతమంది ఒక్కసారి నా మొహంలోకి చూసి, నన్ను ఏమీ తెమ్మనకపోవడం నాకు కొత్త. ఏదో ఒకటి చెప్పాలి. పొద్దుటి బస్సు దగ్గర్నుంచి గొంతు ఎండిపోయి ఉంది.

"కాసిని మంచినీళ్ళు" అన్నాను.

క్లాసు మళ్ళీ నవ్వింది. బాబాయి మాత్రం నవ్వలేదు. లేచి, పంచె సర్దుకుని, బయటికి వెళ్ళాడు. వరండాలో ఆయన అటొకసారి ఇటొకసారి తిరగడం, ఎవరినో "నీళ్ళు యాడుంటయ్యయ్యా ఇక్కడ?" అని అడగడం అందరికీ వినపడింది. చాలాసేపటికి స్టీలు గ్లాసుతో వచ్చాడు. దారిలో సగం నీళ్ళు గంజి చొక్కా మీద ఒలికాయి. బెంచీల మధ్యలోంచి నా దాకా వచ్చి, గ్లాసు నా చేతికిచ్చి, "తాగవే" అన్నాడు. అక్కడే నిలబడి సారు వైపు తిరిగి, "అయితే సారూ, మా పద్మజకి రెండో ఏడాది ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగాడు.

వాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ నేను చాలా నింపాదిగా, గుక్క గుక్కకీ ఆగి తాగాను. ఖాళీ అయిందంటే ఆ గ్లాసు కడిగి ఎక్కడిదక్కడ పెట్టాల్సింది నేనేనని నాకు తెలుసు.